అతుకు దగ్గర ఎవరుంటారు?

గోదావరి జిల్లాల్లో ఎదుటి మనిషి మొహం మీద "కుదరదు" అనేవాళ్లు తక్కువ. "ఆయ్, అలాగేనండి" అంటారు, లేదా "చూద్దాం లెండి" అంటారు. చుట్టరికాల్లో ఆ తీరు ఎంతో హాయి. నాలుగు స్టూడెంట్ క్లబ్బులు కలిసి అంతర కళాశాల పోటీకి ఒక సంగీత రూపకం వేయబోయేటప్పుడు మాత్రం కొంప ముంచేది అదే. మ్యూజిక్ క్లబ్ సెక్రటరీ "పాటలదేముంది, ఇచ్చేస్తాం" అంటాడు. డాన్స్ క్లబ్ అమ్మాయి "అయితే మిగతాది మేం చూసుకుంటాం" అంటుంది. నాటకాల కుర్రాళ్లు తలూపుతారు. ఫొటోగ్రఫీ క్లబ్ వాళ్లను ఎవరూ ఏమీ అడగరు, వాళ్లూ ఏమీ చెప్పరు. టీ తాగి లేస్తారు. అక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరూ దేనికీ ఒప్పుకోనూ లేదు.

పోటీకి వారం ఉందనగా గొడవ మొదలవుతుంది. అది పాట బాగుందా లేదా అన్నదాని మీద కాదు. "మాకు పాట చేతికందిందే మొన్న రాత్రి", "మేం ఇచ్చేశాం, వాట్సాప్‌లో చూసుకోండి", "అందులో మధ్య బిట్టు లేదు కదా", "బిట్టు మీరే వేసుకుంటారనుకున్నాం". ఈ నాలుగు మాటలూ వినని కాలేజీ కాకినాడలో లేదు, భీమవరంలో లేదు, రాజమహేంద్రవరంలోనూ లేదు. జాగ్రత్తగా వింటే తగాదా అంతా ఒక క్లబ్ పని ముగిసి ఇంకో క్లబ్ పని మొదలయ్యే చోటే ఉంటుంది. ఈ అధ్యాయంలో దాన్ని అతుకు అందాం. కలిసి పనిచేయడం గురించి చెప్పే పుస్తకాలు ఐకమత్యం గురించి, నాయకత్వం గురించి చాలా చెబుతాయి. నా మట్టుకు నేను చెప్పేది చిన్న సంగతి. ప్రతి అతుకు దగ్గరా పేరు పెట్టి ఒక మనిషిని నిలబెట్టండి. ఆ మనిషి పని ఇచ్చే క్లబ్ నుంచి కాకుండా, పని అందుకునే క్లబ్ నుంచి రావాలి.

ఎందుకంటారా? ఇచ్చినవాడికి ఎప్పుడూ ఇచ్చేసినట్టే ఉంటుంది. ఏం తక్కువైందో అందుకున్నవాడికే తెలుస్తుంది. పాట కట్టిన కుర్రాడికి ఆ పాట బుర్రలో పూర్తిగా మోగుతూ ఉంటుంది కాబట్టి ఫోనులో పంపిన అరకొర రికార్డింగు కూడా వాడికి నిండుగానే వినిపిస్తుంది. దాని మీద అడుగులు వేయాల్సిన అమ్మాయికే తెలుస్తుంది, రెండో చరణం తర్వాత ఎన్ని ఆవర్తనాలు ఖాళీయో అందులో లేదని. కాబట్టి అడిగే హక్కు, అడగాల్సిన బాధ్యత, రెండూ ఆ అమ్మాయివే.

మనవాళ్లు ఎలా వేశారు

ఈ గడ్డ మీద విద్యార్థులు రంగస్థలమెక్కడం కొత్తేమీ కాదు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్రే రాజమండ్రి విద్యార్థులతో మొదలైంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ఊళ్లు తిరుగుతూ రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లింది. కందుకూరి వీరేశలింగం అప్పుడు అక్కడే పంతులు. వాళ్లు ఆడి వదిలి వెళ్లిన పాకను, రంగస్థలాన్ని వాడుకుని, తన విద్యార్థులకు వేషాలు కట్టించి 'చమత్కార రత్నావళి' ఆడించారు. షేక్స్‌పియర్ రాసిన 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు అది ఆయన చేసిన తెలుగు సేత. కథ ఏమిటంటే రెండు జతల కవలలు, ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం. ఆలోచించి చూడండి. ఇందులో రచయిత ఎంత గొప్పగా రాసినా, కుర్రాళ్లు ఎంత బాగా నటించినా, వేషం కట్టేవాడు ఇద్దరినీ ఒక్కలా తయారు చేయకపోతే కథే నిలబడదు. అలాంటి కథను ఎంచుకున్న రోజునే దుస్తులు చూసేవాణ్ణి పిలిచి కూర్చోబెట్టాలి. మన క్లబ్బుల్లో దుస్తుల సంగతి ఆఖరి మూడు రోజుల్లో గుర్తొస్తుంది.

ఆ తర్వాత తరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాశారు. ఇమ్మనేని హనుమంతరావు నాయుడు నాటక సమాజాన్ని నడిపారు. వేషాలు కట్టినవాళ్లలో, ఆడవేషాలతో సహా, ఒక కుర్రాడు తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు: టంగుటూరి ప్రకాశం. చిలకమర్తి వారికి చిన్నప్పటి నుంచీ చూపు మందం. దీపాల వెలుగులో రాత్రి పూట ఆడే నాటకానికి రచయిత ఆయన. రాయడం ఒకరిది, ఆడించడం ఇంకొకరిది అనే విభజన అక్కడ సిద్ధాంతం కోసం వచ్చింది కాదు, అవసరం కొద్దీ వచ్చింది. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ కూడా అలాంటిదే. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు అక్కడ నాటకాల్లో పనిచేసి సినిమాలకు వెళ్లినవాళ్లు. ఒకరిది గొంతు గాంభీర్యం, ఒకరిది నాట్యం, ఒకరిది హార్మోనియం. ముగ్గురూ ఒకే పని బాగా చేసేవాళ్లయితే ఆ క్లబ్ గురించి ఇవాళ మాట్లాడుకునేవాళ్లం కాదు.

అతుకును ఎలా నడపాలో మన బుర్రకథకు తెలిసినంతగా ఏ మేనేజ్‌మెంటు పుస్తకానికీ తెలీదు. మధ్యలో తంబురాతో కథకుడు, రెండు పక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు లోకం సంగతులు, రాజకీయం మాట్లాడతారు. హాస్య వంత జోకు వేస్తున్నప్పుడు కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు, తర్వాతి ఘట్టానికి గొంతు సవరించుకుంటాడు. ఆ జోకు ఎంతసేపు సాగాలన్నది జనం నవ్వును బట్టి ఉంటుంది. మళ్లీ కథలోకి ఎప్పుడు దూకాలన్నది మాత్రం కథకుడి చేతిలో ఉంటుంది, అంటే అందుకునేవాడి చేతిలో. షేక్ నాజర్ లాంటివారు రాత్రంతా వేల మందిని కూర్చోబెట్టగలిగారంటే అందులో గొంతు ఎంతో, ఈ అందుకోవడం అంత.

ఒక రూపకం తీసుకుందాం

ఊరికే సూత్రాలు చెబితే గాలిలో ఉంటుంది. ఒక ఇతివృత్తం తీసుకుని పని పంచుకుందాం. 1986 ఆగస్టు వరద తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించింది. భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. మీ నాయనమ్మలకు, తాతలకు అది నిన్నటి మాట. లంక గ్రామాల నుంచి వచ్చే విద్యార్థులు మీ కాలేజీలో ఉండకుండా ఉండరు. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌ను ఈ పనిలోకి తీసుకోండి. వాళ్లు పాడక్కర్లేదు, ఆడక్కర్లేదు. రెండు ఆదివారాలు లంకలకు వెళ్లి, ఆ రాత్రి గొడ్లను ఎలా విప్పారు, ఏటిగట్టు మీద ఎన్నాళ్లున్నారు, ముందుగా ఏం మోసుకెళ్లారు అని పెద్దవాళ్లను అడిగి రాసుకొస్తే చాలు. ఊహించి రాసిన పది డైలాగుల కంటే అలా విన్న ఒక్క సంగతి వేదిక మీద ఎక్కువ పలుకుతుంది.

రూపకానికి చట్రం కూడా గోదావరే ఇస్తోంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడు హెచ్చరికలు, మూడు అంకాలు. మొదటి హెచ్చరికకు మామూలు బతుకు సాగుతూనే ఉంటుంది. రేవు దగ్గర పడవ, కొబ్బరి దింపు, ఒక పెళ్లి మాట. ఇది మ్యూజిక్ క్లబ్ పాట. రెండో హెచ్చరికకు ఇంట్లో వాదన. వెళ్దామని కోడలు, ఈ ఇల్లు 53 వరద చూసింది, కదిలేది లేదని మామగారు. ఇది నాటక బృందానిది. మూడోదానికి నీళ్లు వస్తాయి, అది డాన్స్ క్లబ్‌ది. ఆ తర్వాత ఊరు మళ్లీ లేవాలి. అక్కడ కోనసీమ జాతరల్లో కనిపించే గరగలు తలకెత్తుకుంటారో, ద్రాక్షారామం పేరు చెప్పగానే గుర్తొచ్చే వీరనాట్యం పట్టుకుంటారో మీ ఇష్టం. రెండూ మాత్రం వద్దు.

ఇప్పుడు అతుకులు చూడండి. పాట ముగిసి వాదన మొదలయ్యే చోటు ఒకటి. వాదన ముగిసి నీళ్లు వచ్చే చోటు రెండోది. నీళ్లు తీసి ఊరు లేచే చోటు మూడోది. వీటికి తోడు కనిపించని అతుకులు రెండున్నాయి. వేదిక మీద జరిగేదానికీ లైటుకూ మధ్య ఒకటి, గొంతుకూ మైకుకూ మధ్య ఒకటి. మొత్తం ఐదు, ఐదుగురి పేర్లు. మొదటి అతుకు నాటక బృందం కుర్రాడిది. పాట చివరి స్వరం ఎలా ముగుస్తుందో, మామగారు తొలి మాట ఎత్తుకునేలోపు ఎంత నిశ్శబ్దం కావాలో అడిగి తేల్చుకోవడం వాడి పని. రెండోది డాన్స్ క్లబ్ అమ్మాయిది. మామగారి చివరి మాట ఏదో అది ఇక మారకూడదు, ఎందుకంటే ఆ మాట వినే ఆమె బృందం అడుగు వేస్తుంది. పోటీ రోజు మామగారి వేషం వేసినవాడు ఊపులో రెండు వాక్యాలు సొంతంగా కలిపాడంటే తెర వెనక పన్నెండు మంది గందరగోళపడతారు. ఆ సంగతి వాడికి ముందే ఆ అమ్మాయి నోటి నుంచే చెప్పించాలి. దర్శకుడు చెబితే సలహాలా ఉంటుంది, ఆమె చెబితే ఒప్పందం అవుతుంది.

పాట ఎప్పుడు ఆగాలి

సంగీత రూపకంలో అందరూ ఎదురుచూసేది పాట కోసం. పాట మారితే అడుగులు మారతాయి, అడుగులు మారితే లైటు మారుతుంది, లైటు మారితే ప్రవేశాలు, నిష్క్రమణలు మారతాయి. మ్యూజిక్ వాళ్లకు మాత్రం చివరి రాత్రి వరకూ మెరుగులు దిద్దాలనిపిస్తుంది. అది కళాకారుడి గుణం, తప్పు పట్టలేం. కాబట్టి రెండు గడువులు పెట్టండి. మొదటి గడువుకు మాటలూ వాయిద్యాలూ పూర్తిగా లేకపోయినా ఫరవాలేదు. హమ్మింగుతో, మెట్రొనోమ్ మోతతో, కాలం మాత్రం కచ్చితంగా ఉన్న గైడ్ ట్రాక్ డాన్స్ వాళ్లకు అందాలి. రెండో గడువు దాటాక కాలం మారకూడదు, ఆవర్తనాల లెక్క మారకూడదు. వాయిద్యం మార్చుకోండి, గమకం మార్చుకోండి, వీణ తీసి ఫ్లూటు పెట్టుకోండి, ఎవరూ కాదనరు. చతురస్రంలో ఉన్న చరణాన్ని "తిశ్రంలో ఊపుగా ఉంటుంది" అని గడువు తర్వాత మార్చారంటే మాత్రం మీరు ఇంకో క్లబ్ వాళ్ల రెండు వారాల పనిని చెరిపేసినట్టే.

శ్రుతి సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. ఆడపిల్లల గొంతుకు ఐదు, ఐదున్నర శ్రుతి హాయి. మగపిల్లలకు ఒకటి, ఒకటిన్నర. అందరూ కలిసి పాడాలన్న సరదా కొద్దీ మధ్యలో ఎక్కడో పెడితే ఆడపిల్లలు కింద గొణుగుతారు, మగపిల్లలు పైన అరుస్తారు. పల్లవి ఒకరికి, చరణం ఒకరికి పంచి, అందరూ కలిసే చోట్లు రెండు మూడు చాలనుకుంటే ఆ కలిసినప్పుడు నిజంగా నిండుతనం వస్తుంది. పద్య నాటకాల రోజుల్లో తెర పక్కన కూర్చున్న హార్మోనిస్టు ఏ నటుడికి ఏ శ్రుతో వేళ్ల మీద ఉంచుకునేవాడు. నటుడు తడబడితే ముందుగా పట్టుకునేది ఆయనే. మీ బృందంలో ఆ హార్మోనిస్టు స్థానం ఎవరిది? కంప్యూటర్‌లో ట్రాక్ నొక్కే కుర్రాడిదైనా సరే, వాడికి రూపకం మొత్తం కంఠతా వచ్చి ఉండాలి. చాలా కాలేజీల్లో ఆ పని ఖాళీగా ఉన్నవాడికి అప్పగిస్తారు.

హాలు వంతులు

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు వంతుల సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ దాదాపు పది లక్షల ఎకరాలకు పెరిగిన ఈ ఆయకట్టులో, సార్వాలో నీటికి ఇబ్బంది ఉండదు గానీ దాళ్వాలో నది తగ్గిన ఏడాది కాలువలకు వంతులు పెడతారు. అప్పుడు నష్టపోయేది శివారు భూమి. ఎగువన ఉన్నవాడు ఇంకో పూట తూము తెరిచి ఉంచితే దిగువ చివరి చేలో వరి పొట్టదశలో ఎండుతుంది. ఎగువ రైతు దుర్మార్గుడని కాదు, శివారు అతనికి కనబడదు, అంతే. కాలేజీలో ఆడిటోరియం కూడా కాలువే. ఎగువన డాన్స్ క్లబ్, నాటక బృందం ఉంటాయి. శివారున లైట్లు, సౌండు, దుస్తులు, మేకప్పు. "మా రిహార్సల్ అవ్వగానే మీరు తీసుకోండి" అంటారు. రాత్రి తొమ్మిదింటికి వాచ్‌మన్ తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చే సరికి లైట్ల వాళ్ల వంతు వస్తుంది.

కాబట్టి వంతుల పట్టీని శివారు నుంచి రాయండి. హాలు దొరికే గంటలన్నీ కాగితం మీద పెట్టి, ముందు లైట్లు, సౌండు వాళ్లకు ఎన్ని గంటలు కావాలో అవి రాసి, మిగిలింది మిగతావాళ్లకు పంచండి. డాన్స్ వాళ్లు హాస్టల్ టెర్రస్ మీద సాధన చేసుకోగలరు. నాటకం వాళ్లు క్లాసు గదిలో బల్లలు పక్కకు జరిపి చేసుకోగలరు. లైటు మాత్రం వేదిక మీద తప్ప ఎక్కడా సరిచూసుకోలేరు. నీళ్లు వచ్చే అంకంలో నీలి వెలుగు నటుల మొహాల మీద పడితే శవాల్లా కనిపిస్తారని లైట్ల కుర్రాడికి ముందే తెలియాలి. కింది నుంచి వేస్తే బాగుంటుందో, పక్క నుంచి వేస్తే బాగుంటుందో వాడికి రెండు సాయంత్రాలు ప్రయోగం చేసే వీలుండాలి. కాలర్ మైకు తడిసిన చీరకు రాసుకుని బరబరమంటుందని సౌండు వాళ్లు తడి చీరతోనే పరీక్షించాలి, పొడి చీరతో కాదు.

అద్దె దుస్తుల సంగతి ఒక మాట. నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణాల్లో రాజుల దుస్తులు, దేవతల దుస్తులు దొరుకుతాయి. 1986 నాటి లంక రైతు పంచె, లుంగీ, మాసిన టువ్వాలు, గళ్ల చీర మీ ఇళ్లలోనే దొరుకుతాయి. పాత ట్రంకు పెట్టె తెరిపించే పని ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు లంకలకు వెళ్లినప్పుడే చేసేయొచ్చు.

నియమావళి ఎవరు చదివారు?

ప్రతి బృందంలోనూ ఒకరు నియమావళిని వకీలు చదివినట్టు చదవాలి. ఒక్కరు చాలు. విశ్వవిద్యాలయాల సంఘం నడిపే యువజనోత్సవాల్లో మైమ్‌కు ఐదు నిమిషాలు, స్కిట్‌కు పది, ఏకాంకికకు ముప్పై నిమిషాలు ఇస్తారు. మీ పోటీలో సంగీత రూపకానికి ఎంత ఇచ్చారో, వేదిక సర్దుకునే సమయం అందులో కలిసిందో లేదో, రికార్డు చేసిన సంగీతానికి అనుమతి ఉందో లేదో, మనుషుల సంఖ్యలో వాద్యకారులను లెక్కిస్తారో లేదో చూడండి. ఈ నాలుగింటిలో ఒక్కటి అటూ ఇటూ అయినా మూడో అంకం మొత్తం ఎత్తేయాల్సి రావచ్చు. అప్పుడు ఎవరి అంకం పోతుందన్నది మళ్లీ పేచీ. కాబట్టి తగ్గించాల్సి వస్తే ఏది తగ్గించాలో ముందే రాసి పెట్టుకోండి. నా సలహా అడిగితే ప్రతి అంకం నుంచీ కొంచెం కొంచెం కోసి న్యాయం చేశామనుకోవద్దు. అలా కోస్తే అన్నీ కుంటుతాయి. ఒక అంకాన్ని పూర్తిగా తీసేసి, ఆ క్లబ్ వాళ్లకు మిగతా అంకాల్లో చోటు కల్పించండి.

సినిమా పాట వాడుకోవాలన్న కోరిక ఎవరికో ఒకరికి పుడుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, విద్యాసంస్థలో అక్కడి సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు లాంటివాళ్లు మాత్రమే చూసే ప్రదర్శనకు వెసులుబాటు ఇస్తుంది. బయటి ప్రేక్షకులు వచ్చే పోటీకి, యూట్యూబ్‌లో పెట్టే వీడియోకు ఆ వెసులుబాటు ఉందనుకోకండి. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకోటుంది. హిట్ పాట మోగగానే హాలంతా ఈలలు వేస్తుంది, న్యాయనిర్ణేత కలం కింద పెడతాడు. ఈల ఆ పాటకు, మీకు కాదు.

కుదరదని ఎలా చెప్పాలి

మళ్లీ మొహమాటం దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు చిక్కంతా అదే. సీనియర్‌తో జూనియర్, ఒక డిపార్ట్‌మెంట్ వాళ్లతో ఇంకో డిపార్ట్‌మెంట్ వాళ్లు కాదని చెప్పలేక అవునంటారు. దీనికి మందు "నిర్మొహమాటంగా చెప్పండి" అనడం కాదు. అలా చెప్పినంత మాత్రాన ఎవరూ చెప్పరు. ప్రశ్న అడిగే తీరు మార్చాలి. "శనివారానికి ఇచ్చేస్తారా?" అని అడిగితే "అలాగే అన్నా" అనే వస్తుంది. "శనివారానికి ఇవ్వాలంటే మీకు ఏం అడ్డొస్తుంది?" అని అడిగి చూడండి.

"అడ్డం ఏం లేదన్నా. గురువారం దాకా ఇంటర్నల్స్ ఉన్నాయి, అంతే."

"మరి శుక్రవారం ఒక్కరోజులో పాటవుతుందా?"

"...అవదన్నా. మంగళవారం అయితే పక్కా."

మంగళవారం అని నిజం చెప్పినందుకు వాణ్ణి ఎవరూ తిట్టకూడదు. డాన్స్ వాళ్లు ఈలోపు ఊరు లేచే ఘట్టం మీద పనిచేసుకోవచ్చు. శనివారం అని ఒప్పుకుని బుధవారం ఇచ్చినవాడి కంటే మంగళవారం అని చెప్పి మంగళవారం ఇచ్చినవాడు బృందానికి వెయ్యి రెట్లు మేలు. ఈ సంభాషణ గ్రూపులో పెట్టకండి. వాట్సాప్ గ్రూపులో ఎనభై మంది ముందు ఎవడూ "అవదు" అనడు. పక్కన నిలబడి, టీ గ్లాసు చేతిలో ఉండగా అడగాలి. తేలినదాన్ని మాత్రం ఆ రాత్రే గ్రూపులో ఒక్క వాక్యంలో రాయాలి: పాట, మంగళవారం సాయంత్రం, అందుకునేది ఫలానా.

ఒకరి పనిని ఇంకో క్లబ్ వాళ్లు విమర్శించే సందర్భమూ వస్తుంది. అప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. అవతలి క్లబ్ పని ఎలా చేయాలో చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ పని వల్ల తనకు ఎక్కడ ఇబ్బందో చెప్పే హక్కు అందరికీ ఉంది. "నీ ట్యూన్ బాలేదు" అనేది గొడవ. "నీ చరణం అయిపోయాక నాకు వేదిక ఖాళీ చేయడానికి నాలుగు సెకన్లు కావాలి" అనేది పని. చివరి మాట ఎవరిది అన్న ప్రశ్న వస్తే విషయాన్ని బట్టి తేల్చండి. సంగీతంలో చివరి మాట మ్యూజిక్ క్లబ్‌ది, కథలో రాసినవాళ్లది, సమయంలో నియమావళి చదివిన మనిషిది, భద్రతలో ఎలక్ట్రీషియన్‌ది. మొత్తానికి ఒక్కడే దర్శకుడుంటే ఇంకా సులువు కదా అంటారేమో. ఉంటే మంచిదే. కానీ నాలుగు క్లబ్బుల నుంచి ఒక దర్శకుణ్ణి ఎన్నుకోవడానికి మీరు పెట్టే సమయంలో సగం రూపకం తయారైపోతుంది.

షీల్డు ఎవరి గదిలో

ఈ మాట గెలవక ముందే మాట్లాడాలి. గెలిచాక మాట్లాడితే స్నేహాలు పోతాయి. షీల్డు ఒక్కటే, క్లబ్ గదులు నాలుగు. మూడు నెలల చొప్పున తిప్పుకుంటారా, ప్రిన్సిపాల్ గదిలో పెట్టేస్తారా, తేల్చేయండి. ప్రైజు డబ్బు వస్తే ముందు చేతి నుంచి ఖర్చు పెట్టినవాళ్లకు బిల్లు చూసి ఇచ్చేయాలి. మిగిలితే అప్పుడు పంపకం. సాధారణంగా ఖర్చు పెట్టి నోరు మెదపని వాళ్లు దుస్తుల వాళ్లు, ట్రాన్స్‌పోర్టు చూసినవాళ్లు. వాళ్లు అడగరు కాబట్టి మీరే అడగండి.

ప్రకటనలో క్లబ్బుల పేర్లు ఏ వరసలో చదవాలన్నదీ చిన్న విషయం కాదు. అక్షర క్రమంలో పెట్టండి, పేచీ ఉండదు. బహుమతి అందుకోవడానికి వేదికెక్కేది ఐదుగురు అతుకు మనుషులైతే నాకు నచ్చుతుంది. నటీనటులను జనం అప్పటికే చూశారు. ఓడిపోతే ఏం చేయాలన్నదానికీ ఒక ఏర్పాటుండాలి: ఆ రాత్రి బస్సులో తప్పొప్పుల చర్చ పెట్టకండి. రావులపాలెం దగ్గర ఆపి టిఫిన్ చేసి, ఇళ్లకు పోండి. నాలుగు రోజులయ్యాక, న్యాయనిర్ణేతల మార్కుల పట్టిక దొరికితే తెచ్చుకుని, ఏ అతుకు దగ్గర సమయం పోయిందో వీడియోలో చూసుకుంటూ మాట్లాడుకోండి.

ఆఖరి పని మర్నాడే అయిపోవాలి. అద్దె సామాను తిరిగిచ్చేయడం, ఆడిటోరియం తాళాలు అప్పగించడం, లంకల్లో కథలు చెప్పిన పెద్దవాళ్లకు ప్రదర్శన వీడియో వాళ్ల మనవల ఫోన్లకు పంపడం. పాట ట్రాకులు, లైట్ల క్రమం, నాటక ప్రతి, ఖర్చుల లెక్క అన్నీ ఒకే డ్రైవ్‌లో పెట్టండి. దాని పాస్‌వర్డ్ ఫైనలియర్ వాళ్లలో ఒకరి దగ్గర, సెకండియర్ వాళ్లలో ఒకరి దగ్గర ఉండాలి.